గుడి రాయిలో నీళ్లు, తోటలో నారింజలు

దక్షిణ ఇటలీ ప్రచార చిత్రాల్లో ఒక దృశ్యం మళ్లీ మళ్లీ వస్తుంది. ముందు పండ్ల బరువుకు వంగిన నారింజ కొమ్మ, వెనక తేనెరంగు రాతి స్తంభాలు, ఆ పైన మబ్బుతునక లేని ఆకాశం. ఇలాంటి ఫొటో తీయడానికి సిసిలీ దీవి దక్షిణ తీరాన ఉన్న అగ్రిజెంతోను మించిన చోటు లేదు. అక్కడ చెట్టూ గుడీ ఒకే ఇంట పుట్టినంత చనువుగా కనిపిస్తాయి. కానీ ఆ గుళ్లు కట్టిన గ్రీకులు నారింజ పండును చూసి ఎరుగరు. స్తంభాలు లేచింది క్రీ.పూ. 5వ శతాబ్దంలో. చేదు నారింజ ఆ దీవికి చేరింది అరబ్బుల పాలనలో, అంటే సుమారు 1,400 ఏళ్ల తర్వాత. తియ్య నారింజ రావడానికి మరో అయిదు వందల ఏళ్లు పట్టింది.

ఇంత ఎడం ఉన్న రెండూ ఒకే చోట ఎలా చేరాయి? శిథిలాల మధ్య ఖాళీ జాగా చూసి ఎవరో తోట వేశారనుకుంటే సగమే తెలిసినట్టు. మిగతా సగం కాళ్ల కింద ఉంది.

అగ్రిజెంతో గుళ్లది పాలరాయి కాదు. సముద్రం అడుగున గవ్వలు, ఆల్చిప్పలు, ఇసుక పేరుకుని గట్టిపడిన సున్నపు ఇసుకరాయి. భూగర్భ శాస్త్రం దీన్ని కాల్కరెనైట్ అంటుంది. నేల మీద పడి ఉన్న స్తంభపు ముక్కను దగ్గరగా చూస్తే దాని పుట్టుక తెలిసిపోతుంది. ఆల్చిప్పల అంచులు గీతలు గీతలుగా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. గవ్వ కరిగిపోయిన చోట వేలి కొన పట్టేంత గుంట మిగిలి ఉంటుంది. ఈ గరుకుతనం గ్రీకులకూ నచ్చలేదు. పైన తెల్లని గచ్చు పూసి, దూరం నుంచి చూసేవారికి పాలరాయిలా కనిపించేటట్టు చేశారు. కాలక్రమంలో గచ్చు రాలిపోయింది. ఇవాళ యాత్రికులు మెచ్చుకునే తేనెరంగు, కట్టినవాళ్లు పనిగట్టుకుని దాచిన రంగు.

ఈ రాయికి ఇంకో గుణం ఉంది. ఇది నీటిని పీలుస్తుంది. శీతాకాలంలో కురిసిన వాన రాతి సందుల్లోంచి మెల్లగా కిందికి దిగుతుంది. కానీ ఈ రాతి పొర కింద నీలం కలిసిన బూడిదరంగు బంకమట్టి పొర ఉంది. అందులోంచి నీళ్లు దిగవు. అలా ఆగిన నీరు పక్కకు జరుగుతూ, కొండ అంచున రాయీ మట్టీ కలిసే గీత వెంట ఊటగా బయటపడుతుంది. ఊట బావి తవ్వించిన ఏ రైతుకైనా ఇది కొత్త సంగతి కాదు. అక్రగాస్ (అగ్రిజెంతోకు గ్రీకులు పెట్టిన పేరు) గ్రీకులు చేసిందల్లా ఆ గీతను పట్టుకుని కొండలోకి సొరంగాలు తొలవడం. మనిషి నడవగలిగేంత ఎత్తున తొలిచిన ఆ సొరంగాలు ఊటను ఒకచోటికి చేర్చి, వాలు వెంట ఊరికి తెచ్చాయి. ఇటలీవాళ్లు వాటిని ఇపొజెయి అంటారు. అగ్రిజెంతో కొండ కింద, గుళ్ల చుట్టుపక్కల ఇలాంటివి చాలా ఉన్నాయి. కొన్నిట్లో నేటికీ నీరు ఊరుతుంది. గుడికి రాయి ఇచ్చిన పొర, ఊరికి నీరిచ్చిన పొర ఒకటే. తోట కథ ఇక్కడే మొదలవుతుంది.

క్రీ.పూ. 480లో సిసిలీ ఉత్తర తీరాన ఉన్న హిమెరా దగ్గర, ఉత్తర ఆఫ్రికా నగరమైన కార్థేజ్ సైన్యాన్ని సిసిలీ గ్రీకులు చిత్తుగా ఓడించారు. గెలిచినవారిలో అక్రగాస్ పాలకుడు థెరోన్ ఒకడు. బందీలుగా చిక్కినవాళ్లు వేలల్లో అతని ఊరికి వచ్చిపడ్డారు. తర్వాత జరిగింది సిసిలీలోనే పుట్టిన చరిత్రకారుడు దియోదోరస్ రాశాడు. ఆయన క్రీ.పూ. 1వ శతాబ్దంవాడు కాబట్టి నాలుగు వందల ఏళ్ల నాటి ముచ్చట చెబుతున్నాడని గుర్తుంచుకుని చదవాలి. ఆయన ప్రకారం ఆ బందీల చేత రాళ్లు కొట్టించి గుళ్లు కట్టించారు, భూమి కింద నీటి దారులు తవ్వించారు. పనికి మేస్త్రీ ఫయాక్స్. అతని పేరు మీదే ఆ కాలువలకు ఫయాకెస్ అన్న పేరు నిలిచిపోయింది. అదే ఊపులో ఊరివాళ్లు ఒక పెద్ద చెరువు కూడా తవ్వించారు. చుట్టుకొలత ఏడు స్టేడియాలు, అంటే సుమారు 1.25 కిలోమీటర్లు. లోతు 20 మూరలు, దాదాపు 9 మీటర్లు. అందులో చేపలు పెంచి విందులకు వాడుకునేవారట, హంసలు వచ్చి వాలేవట. దాని పేరు కొలింబెత్ర. గ్రీకులో ఈత కొలను అని అర్థం.

అసలు ముఖ్యమైన ముక్క దియోదోరస్ చివర చెప్పాడు. తర్వాతి తరాలు పట్టించుకోకపోవడంతో చెరువు పూడిపోయిందనీ, నేల సారవంతమైనది కావడంతో ఊరివాళ్లు అందులో ద్రాక్ష తీగలు, రకరకాల చెట్లు వేసి మంచి రాబడి తీస్తున్నారనీ రాశాడు. అంటే క్రీస్తు పుట్టక ముందే ఆ చెరువు తోటగా మారిపోయింది. ఒండ్రుమట్టి, పక్కనే ఊట, మూడు వైపులా గాలికి అడ్డుగా రాతి గోడలు ఉన్న చోటును ఏ రైతు వదులుకుంటాడు? ఇవాళ కొలింబెత్రగా గుర్తిస్తున్న చోటు 5 హెక్టార్ల లోతైన పల్లం. కాస్టర్, పొలక్స్ అనే కవలల గుడికీ వల్కన్ గుడికీ మధ్యన ఉంది. యునెస్కో 1997లో గుర్తించిన ఈ ప్రాంతమంతటినీ గుళ్ల లోయ అని పిలుస్తున్నారు కానీ గుళ్లలో చాలా భాగం ఉన్నది పొడవాటి గట్టు మీద. లోయ అనదగినది ఏదైనా ఉంటే అది ఈ తోటే.

ఆ రోజుల్లో పల్లంలో ద్రాక్ష, ఆలివ్, బాదం, అత్తి లాంటివి ఉండి ఉంటాయి. నిమ్మజాతి పండ్లలో మధ్యధరా ప్రాంతానికి మొదట తెలిసింది మాదీఫలం. గ్రీకులు దాన్ని మీదియా దేశపు (నేటి ఇరాన్ వైపు) పండు అన్నారు. దాని శాస్త్రనామంలోని మెడికా అన్న మాట మందును కాదు, ఆ మీదియానే సూచిస్తుంది. తొక్క మందం, లోపల రసం తక్కువ, వాసన మాత్రం గది నిండేంత. తినే పండుగా కాక పరిమళానికీ బట్టలకు పురుగు పట్టకుండా ఉండటానికీ దాన్ని దాచుకునేవారు.

827లో ఉత్తర ఆఫ్రికా నుంచి అరబ్బుల ఓడలు సిసిలీ పడమటి తీరాన మజారా దగ్గర దిగాయి. నాలుగేళ్లకు దీవి ఉత్తర తీరపు నగరం పలెర్మో వాళ్ల చేతికొచ్చింది. వాళ్లతోపాటు చేదు నారింజ, నిమ్మ, చెరకు, మల్బరీ వచ్చాయి. వాటికన్నా విలువైన సరుకు ఇంకొకటి వచ్చింది: ఎండాకాలంలో చుక్క వాన పడని చోట నీటిని నిలవచేసి, వంతులు వేసుకుని పారించే పద్ధతి. ఈ సంగతికి సాక్ష్యం శాసనాల్లో కన్నా సిసిలీ రైతుల నోట్లో ఎక్కువ దొరుకుతుంది. నీటి తొట్టిని వాళ్లు జెబ్బియా అంటారు, అరబ్బీ జాబియా. పిల్లకాలువ సాయియా, అరబ్బీ సాఖియా. నిమ్మ, నారింజ పూతను జాగరా అంటారు, పువ్వు అనే అర్థం ఉన్న జహర్ నుంచి. లాటిన్ బిడ్డ అయిన భాషలో పొలం పనికి వచ్చేసరికి అరబ్బీ మాటలు ఇంత గట్టిగా పాతుకుపోయాయి.

పండు పేరు ఇంకా దూరం తీసుకుపోతుంది. ఇటాలియన్ అరాంచాకు ముందు అరబ్బీ నారంజ్, దానికి ముందు పారశీక నారంగ్, దానికి ముందు సంస్కృత నారంగం. ఆ సంస్కృత పదమే ద్రావిడ భాషల్లోంచి వెళ్లి ఉంటుందని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. తెలుగులో నారింజ అన్నప్పుడు నోటికి తగిలే మాట పలెర్మో సంతలో వినిపించే మాటకు దూరపు చుట్టమే. మరీ తమాషా ఏమిటంటే సిసిలీ పల్లెల్లో తియ్య నారింజను పాతతరం వాళ్లు పర్తువాల్లు అంటారు, అంటే పోర్చుగల్ పండు. తియ్య రకాలను యూరప్‌లో వ్యాపింపజేసినవాళ్లలో పోర్చుగీసువాళ్లు ముఖ్యులు కావడంతో ఆ పేరు పడింది.

జన్యు పరిశోధన ఈ చుట్టరికాలను మరింత తేటపరిచింది. 2018లో వచ్చిన ఒక విస్తృత అధ్యయనం నిమ్మజాతి మొత్తానికీ పుట్టిల్లు హిమాలయాల ఆగ్నేయ పాదాలని, అస్సాం, మయన్మార్, యునాన్ చుట్టుపక్కలని తేల్చింది. పంపరపనస, కమలా కలిస్తే చేదు నారింజ. చేదు నారింజకు మాదీఫలం కలిస్తే ఇటలీవాళ్ల లిమోనె. ఇక్కడ చిన్న జాగ్రత్త అవసరం. లిమోనె మన కాగితపు నిమ్మ కాదు. గూడూరు మార్కెట్లో బస్తాలకెత్తే పల్చటి తొక్క నిమ్మ వేరే జాతి. లిమోనె కోలగా, మందపు తొక్కతో, పండితే నిండు పసుపుతో ఉంటుంది. తియ్య నారింజ విషయంలో మాత్రం తేడా లేదు. అగ్రిజెంతో అరాంచా, నల్గొండ బత్తాయి వృక్షశాస్త్రం లెక్కలో ఒకే జాతి.

కొలింబెత్రలో తోటకు నీళ్లు కట్టే తీరు చూస్తే తెలుగు రైతుకు అనువాదకుడు అక్కరలేదు. సొరంగంలో ఊరిన నీరు ముందు జెబ్బియాలో చేరుతుంది. అది గచ్చు చేసిన రాతి తొట్టి. ఊట సన్నగా వస్తుంది కాబట్టి నేరుగా చెట్టుకు వదిలితే నాలుగడుగుల్లోనే ఇంకిపోతుంది. తొట్టి నిండాక తూము తీస్తే నీటికి బలం వస్తుంది. అక్కడి నుంచి వాలు వెంట సాయియాలు, అంటే బోదెలు. ప్రతి చెట్టు చుట్టూ పాదు. రైతు పార పట్టుకుని నీటి వెంట నడుస్తాడు. ఒక పాదు నిండగానే నాలుగు పారల మట్టి తీసి మడవ వేస్తాడు, పక్క బోదె నోరు తెరుస్తాడు. నీరు మలుపు తిరిగి ముందు ఎండుటాకులను, పూరేకలను తోసుకుంటూ, నురుగు అంచుతో కొత్త పాదులోకి దిగుతుంది. మోటారు లేదు, కొలిచే మీటరు లేదు. వాలు, పార, ఓపిక ఉన్నాయి. పలెర్మో వైపు నీటి కొలమానానికి కూడా జప్పా అనే పేరు ఉండేది. జప్పా అంటే పారే.

ఊట లేని చోట ఏం చేశారో పాంతెల్లెరియా చెబుతుంది. సిసిలీకీ ట్యునీసియాకీ మధ్య ఉన్న అగ్నిపర్వతపు దీవి అది. అక్కడ ఊట కన్నా గాలి ఎక్కువ. ఒక్క నారింజ చెట్టు కోసం చుట్టూ మనిషికి రెండింతల ఎత్తున, సున్నం లేకుండా నల్లరాళ్లు పేర్చి గుండ్రని గోడ కడతారు. రాళ్లు గాలిని ఆపుతాయి, మంచును పట్టి చెట్టుకు తేమ అందిస్తాయి. ఒకే చెట్టున్న ఆ బురుజును దీవివాసులు తోట అనే పిలుస్తారు.

నీళ్లు ఇవ్వడం ఎంత తెలివో, ఇవ్వకపోవడం అంతకన్నా తెలివని సిసిలీ నిమ్మ రైతులు కనిపెట్టారు. నిమ్మ ధర వేసవిలో పెరుగుతుంది, అప్పుడు చెట్టు మీద కాయ తక్కువ. అందుకని నడివేసవిలో నీళ్లు ఆపేసి ఆకు వాడేదాకా చెట్టును ఎండబెడతారు. తర్వాత ఒక్కసారిగా తడి ఇస్తే, ఇక బతకనేమో అన్న భయంతో చెట్టు విరగబూస్తుంది. ఆ పూత కాయలు మరుసటి వేసవికి ఆకుపచ్చ తొక్కతోనే చేతికొస్తాయి. వాటిని వెర్దెల్లి అంటారు. నల్గొండ, అనంతపురం బత్తాయి రైతులు పూత కోసం తోటను బెట్టకు వదిలే పద్ధతి కూడా ఇదే సూత్రం. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడగడం అనవసరం. చెట్టు గుణం ఒకటే అయినప్పుడు రైతులు వేరువేరుగానే ఆ సంగతి పట్టుకుంటారు.

సిసిలీ తోటల్లో తియ్య నారింజ చెట్టు సాధారణంగా సొంత వేళ్ల మీద నిలబడదు. కింద చేదు నారింజ మొదలు, పైన తియ్య రకం అంటు. చేదు మొదలు సిసిలీ నేలలకు అలవాటుపడింది, వేరుకుళ్లును తట్టుకుంటుంది. మాను మీద అడుగు ఎత్తున బెరడు రంగు మారే గీత ఉంటుంది, అంటు కలిసిన చోటు అది. దాని కింద నుంచి పిలక లేచి కాసిందంటే ఆ కాయ నోట్లో పెట్టలేం.

తోట గట్టు మీద కనిపించే కవలల గుడి కూడా ఒక రకంగా అంటు కట్టిందే. మూల తిరిగిన నాలుగు స్తంభాలు, పైన చూరు ముక్క ఉన్న ఆ శిథిలం అగ్రిజెంతోకు గుర్తుగా ప్రతి పోస్టుకార్డు మీదా కనిపిస్తుంది. అది అలా మిగిలిన శిథిలం కాదు. 19వ శతాబ్దంలో చుట్టుపక్కల దొరికిన, వేరువేరు కాలాల ముక్కలు తెచ్చి నిలబెట్టినది. దాన్ని మోసం అనేవారున్నారు, అంత మాట అనక్కరలేదు కానీ పురాతనమని తలచి చేతులు జోడించేముందు తెలుసుకోవలసిన సంగతి. నిజంగా నిలబడ్డ గుడి కాంకోర్డియా. ముందు ఆరు, పక్కన పదమూడు చొప్పున స్తంభాలతో దాదాపు చెక్కుచెదరకుండా ఉంది. 6వ శతాబ్దం చివర ఒక బిషప్పు దాన్ని చర్చిగా మార్చాడు. స్తంభాల మధ్య ఖాళీలు మూయించి, లోపలి గోడలను ఒక్కో పక్క ఆరేసి కమానులుగా తొలిపించాడు. పూజ మారింది కాబట్టి కప్పు కిందకు మనుషులు వస్తూ పోతూ ఉన్నారు, రాయి నిలిచింది. ఆ అదృష్టం గ్రీకుల పెద్దదేవుడు జియూస్ గుడికి దక్కలేదు. 7.65 మీటర్ల రాతి మనుషులు చూరును మోసిన ఆ మహా కట్టడం కూలిపోయాక, 18వ శతాబ్దంలో దాని రాళ్లు బండ్లకెక్కి పక్కనున్న రేవు కట్టడానికి పోయాయి. ఆ రేవు నేటి పోర్తో ఎంపెదోక్లె.

తోట అంటే ప్రశాంతత అనుకునేవారు పలెర్మో చుట్టూ ఉన్న కొంకా దోరో మైదానం చరిత్ర చదవాలి. నారింజ, నిమ్మ పండ్లతో నావికులకు వచ్చే స్కర్వీ అనే జబ్బు నయమవుతుందని 1747లో ఓడ వైద్యుడు జేమ్స్ లిండ్ చేసిన పరీక్షలో తేలింది. 1795లో బ్రిటిష్ నౌకాదళం నిమ్మరసాన్ని నావికుల రేషన్‌లో చేర్చింది. నెపోలియన్ యుద్ధాల కాలంలో ఆ నిమ్మకు సిసిలీ పెద్ద దిక్కయింది. తర్వాత న్యూయార్క్ దారి తెరుచుకుంది. 19వ శతాబ్దంలో నిమ్మతోట అంత రాబడి ఇచ్చే భూమి యూరప్‌లో అరుదు. కానీ అంటు నాటిన తర్వాత ఏళ్ల తరబడి పెట్టుబడే, ఆపైన ఒక్క రాత్రి నీళ్లు ఆగినా, ఒక్క రాత్రి ఎవరైనా గొడ్డలి పట్టుకుని తోటలోకి దూరినా అంతా పోతుంది. తోట చుట్టూ నిలువెత్తు గోడలు లేచింది, కాపలాదారు అనే మనిషి యజమాని కన్నా పెద్దవాడైపోయింది ఇందుకే. నీటి వంతులు చూసే ఫొంతనియేరె, అంటే మన నీరటికాడు లాంటివాడు, అంతకన్నా బలవంతుడయ్యాడు.

1872లో గాస్పరే గలాతి అనే వైద్యుడి చేతికి పలెర్మో పక్కన నాలుగు హెక్టార్ల నిమ్మతోట నిర్వహణ వచ్చింది. నీళ్లు తోడటానికి ఆవిరి యంత్రం కూడా ఉన్న తోట. కాపలాదారు అమ్మకాల్లో అయిదో వంతుకు పైగా నొక్కేస్తున్నాడని, యంత్రానికి కొన్న బొగ్గు కూడా దారి మళ్లుతోందని గలాతి గ్రహించాడు. అతన్ని తీసేసి ఇంకొకరిని పెట్టుకున్నాడు. 1874లో ఆ కొత్త మనిషిని కాల్చి చంపారు. బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి, పోలీసులు కదల్లేదు. 1875లో గలాతి తోట వదిలేసి కుటుంబంతో నేపుల్స్ వెళ్లిపోయి, జరిగిందంతా రాసి హోంమంత్రికి పంపాడు. మాఫియా అనే వ్యవస్థ ఎలా నడుస్తుందో లోపలి నుంచి చెప్పిన తొలి పత్రాల్లో అది ఒకటి. నిమ్మజాతి పంటలు ఎక్కువున్న ఊళ్లలోనే 1880ల్లో మాఫియా ఉనికి ఎక్కువగా నమోదైందని 2017లో వచ్చిన ఒక ఆర్థిక చరిత్ర అధ్యయనం లెక్కలతో చూపింది. నిమ్మే మాఫియాను పుట్టించిందని అనేయడం తొందరపాటు. రాజ్యం బలహీనంగా ఉండి, కాపలా కాయవలసిన సొత్తు విలువైనదైతే కాపలా అమ్ముకునేవాడు తయారవుతాడని మాత్రం అనవచ్చు.

ఆ వైభవం గొడ్డలి దెబ్బలకు కాదు, బూజుకు కూలింది. నిమ్మరసం నుంచి తీసే సిట్రిక్ ఆమ్లం సిసిలీకి పెద్ద ఆదాయం. చక్కెర ద్రావణంలో ఆస్పర్జిలస్ నైజర్ అనే నల్ల బూజును పెంచితే అదే ఆమ్లం చవకగా వస్తుందని 1917లో అమెరికా రసాయనవేత్త జేమ్స్ కరీ చూపాడు. రెండేళ్లలో ఫైజర్ కంపెనీ ఆ పద్ధతిలో ఉత్పత్తి మొదలుపెట్టింది. దాదాపు అదే సమయంలో మాల్ సెక్కో, అంటే ఎండు తెగులు, మెస్సీనా వైపు నిమ్మతోటల్లో దిగింది. అదీ శిలీంధ్రమే. కాలిఫోర్నియా అప్పటికే పోటీకి వచ్చేసింది. ఈ శతాబ్దంలో ట్రిస్టెజా వైరస్ చేదు నారింజ మొదళ్ల మీద కట్టిన అంట్లను ఎంచుకుని చంపుతోంది. దాంతో సిసిలీ రైతులు తరతరాల అలవాటు వదులుకుని వేరే మొదళ్లకు మారుతున్నారు.

అగ్రిజెంతోకు వచ్చిన దెబ్బ వేరు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ పాత ఊరి మీద అనుమతుల్లేని బహుళ అంతస్తుల ఇళ్లు పుట్టగొడుగుల్లా లేచాయి. ఊరున్నదీ అదే రాయి, బంకమట్టి జోడీ మీద. 1966 జూలై 19న కొండ వాలు జారింది. ప్రాణనష్టం తప్పింది కానీ వేలమంది ఇళ్లు వదలవలసి వచ్చింది. ఊటనిచ్చే మట్టి, తడిసి బరువు మోస్తే జారే మట్టి ఒకటేనని ఫయాక్స్‌కు తెలిసినంత ఆ బిల్డర్లకు తెలియలేదు. తెలిసినా లెక్కచేయలేదు. దేశమంతా గగ్గోలు పుట్టాక 1968లో గుళ్ల చుట్టూ కట్టడాలు నిషేధించే హద్దు గీశారు. 2000లో పురావస్తు పార్కు చట్టబద్ధమైంది.

కొలింబెత్ర ఈలోగా పాడుబడింది. సాగు గిట్టక రైతులు పోయారు, బోదెలు పూడాయి, ముళ్లపొదలు పెరిగాయి. 1999లో సిసిలీ ప్రాంతీయ ప్రభుత్వం తోటను ఫాయి అనే జాతీయ వారసత్వ పరిరక్షణ సంస్థకు అప్పగించింది. 2001లో సందర్శకులకు తెరిచారు. బాగు చేసినవాళ్లు చేసిన మంచి పని ఒకటుంది: దాన్ని ఉద్యానవనంగా దిద్దలేదు, తోటగానే ఉంచారు. నారింజ, నిమ్మ, మాదీఫలం, కమలా, వాలు మీద బాదం, ఆలివ్, పిస్తా, నాగజెముడు ఎప్పటిలాగే ఉన్నాయి. నీళ్లు ఇప్పటికీ బోదెల్లోనే పారతాయి.

చూడబోయేవారికి కొన్ని మాటలు. ఏప్రిల్‌లో వెళితే కొమ్మ మీద మిగిలిన పండూ కొత్త పూతా ఒకేసారి కనిపిస్తాయి, జాగరా వాసన గట్టు మీదికి కూడా వస్తుంది. ఫిబ్రవరి, మార్చిల్లో బాదం పూత. జూలై, ఆగస్టుల్లో గట్టు మీద నీడ ఉండదు, గుళ్లు చూసే ఉత్సాహం పది గంటలకే ఆవిరైపోతుంది. తోటకు వేరే టికెట్టు ఉండటంతో చాలామంది పైనుంచి తొంగిచూసి వెళ్లిపోతారు. కారు ఉంటే పడమరగా రిబేరా వైపు వెళ్లడం మేలు. వెర్దూరా, మగజ్జోలో, ప్లాతాని నదుల పల్లాల్లో నాభి నారింజ తోటలు మైళ్ల కొద్దీ ఉంటాయి. 2011లో ఆ పండుకు యూరప్ భౌగోళిక గుర్తింపు వచ్చింది. గింజ ఉండదు, లోపల ఎరుపు ఉండదు. సిసిలీ అనగానే గుర్తొచ్చే రక్తవర్ణపు నారింజలు ఎట్నా పర్వతం వైపు చలి రాత్రుల ఫలం. ప్లాతాని సముద్రంలో కలిసే చోట తెల్లని కొండ మీద ఎరాక్లెయా మినోవా శిథిలాలున్నాయి. అక్కడి రాయి మరీ మెత్తన. సముద్రానికి ఎదురుగా ఉన్న నాటకశాల మెట్లు కరిగిపోతుంటే 1960ల్లో వాటి మీద ప్లాస్టిక్ పలకలు కప్పారు. లోపల తేమ, వేడి చేరి రాయి ఇంకా పాడైంది.

2024లో సిసిలీని కరువు పట్టింది. మే నెలలో ఇటలీ ప్రభుత్వం అత్యవసర స్థితి ప్రకటించింది. అగ్రిజెంతోలో కుళాయి నీళ్లకు రోజుల తరబడి ఎదురుచూడవలసి వచ్చింది. చిన్న బసలు నడిపేవాళ్లు నీళ్లు లేక యాత్రికులను వెనక్కి పంపిన వార్తలు ప్రపంచమంతా తిరిగాయి. మరుసటి ఏడాదికి ఆ పట్టణం ఇటలీ సాంస్కృతిక రాజధానిగా అప్పటికే ఎంపికై ఉండింది. వాన తక్కువన్నది నిజమే. దీవిలో పైపుల్లోకి వదిలిన నీటిలో సగం దాకా ఇళ్లకు చేరకముందే కారిపోతోందన్నదీ నిజమే. కొలింబెత్ర పల్లంలో నిలబడి తలెత్తితే ఊరు కనిపిస్తుంది. కొండ మీద వరసగా 1960ల నాటి మేడలు, ప్రతి డాబా మీదా నీళ్ల ట్యాంకులు, వాటిని నింపడానికి వాలు ఎక్కే ట్యాంకర్లు. ఆ మేడల కింద, రాయీ మట్టీ కలిసే గీత వెంట, హిమెరా బందీలు తొలిచిన సొరంగాలు ఉన్నాయి.